నసీర్ గారు లేరు

1వ రోజు

పడవవాళ్ళు నన్నూ, బియ్యం బస్తాలనూ, సర్వర్ పెట్టెనూ రిగ్గు మీదకు చేర్చి టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. టీ పెడతానని రెండుసార్లు అన్నాను. పోటు తగ్గకముందే పోవాలట. సరే, వాళ్ళ వంతు రెండు గ్లాసులూ నేనే పెట్టుకుని తాగాను.

ఇది పాత గ్యాస్ రిగ్గు. తవ్వకం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. కోనసీమ నీళ్ళలోకి పోయాక గట్టు మీదకు వెళ్ళని జనం, ఒకప్పుడు గోదావరి దాటించిన పంట్లనే పక్కపక్కన కట్టుకుని సముద్రం మీద వాడలుగా ఉంటున్నారు. తొమ్మిది వాడలు, పదమూడు వందల ఎనభై ఆరు మంది. గట్టు నుంచి వాళ్ళకు వచ్చే ఉత్తరాలు ముందు ఇక్కడికి రావాలి, ఇక్కడి నుంచి ఎవరి వాడకు వాళ్ళవి పోవాలి. ఆ పనికి నన్ను వేశారు. పని పేరు టపా. ఏడాదికి ఒక మనిషి. ఒక మనిషి అంటే నిజంగానే ఒక్క మనిషి.

ఎనభై రెండు మెట్లు ఎక్కి దిగి చూశాను. నాతో పాటు నీటికాకులు తప్ప ఎవరూ లేరు.

3వ రోజు

సర్వర్ లేచింది. మధ్యాహ్నానికి మళ్ళీ పడుకుంది. ఫ్యాన్‌లో ఉప్పు చేరింది. పాత చీర ముక్కతో తుడిచి కూర్చోబెట్టాను.

మాన్యువల్ చెప్పిన పద్ధతి ఇది. ఈ పదమూడు వందల మందిలో ఒక్కరికీ మెషీన్‌లో సొంత ఖాతా ఉండదు. దాని దృష్టిలో వాళ్ళు మనుషులు కారు, డేటాబేస్ పట్టికలో ఒక్కో వరుస. ఉత్తరం గుమ్మం దగ్గరకు రాగానే సర్వర్ డేటాబేస్‌ను అడుగుతుంది. ఈ వాడ మనదేనా? ఈ పేరు మన పట్టికలో ఉందా? రెండింటికీ అవునంటే లోపలికి, లేదంటే వచ్చిన దారినే వెనక్కి.

పేర్ల పట్టిక నాతోనే తెచ్చుకున్నాను. నాలుగేళ్ళు ముంపు ఆఫీసులో కూర్చుని జనం జాబితాలన్నీ టైపు చేసింది నేనే. అంతకుముందు పెళ్ళి శుభలేఖలు కూర్చేదాన్ని. నా టైపులో తప్పులు వెతికినవాళ్ళు అలిసిపోయారు గానీ తప్పు దొరకలేదు. ఆ పట్టికను అలాగే డేటాబేస్‌లోకి ఎక్కించేశాను.

5వ రోజు

ఇవాళ మారుపేర్ల పట్టిక. మనవాళ్ళ నోటికి మాట చివర అచ్చు లేకపోతే తోచదు. మా నాన్న ఎస్తేర్ అని పెట్టిన పేరును నలభై మూడేళ్ళుగా అందరూ ఎస్తేరు అంటున్నారు. సలీమ్ సలీము అవుతాడు, జోసెఫ్ జోసెఫు అవుతాడు. ఎలా రాసినా ఉత్తరం చేరాలి కదా. అందుకని అలాంటి పేర్లన్నిటికీ 'ఇదీ అదీ ఒకరే' అని ఒక్కో వరుస రాశాను. 'టపా' అని వచ్చేవి ఎస్తేర్‌కు పోవాలని కూడా రాశాను. రిగ్గు మీది కీబోర్డులో నాకు అలవాటైన మీటలు కొన్ని లేవు. వేళ్ళు తడుముకున్నాయి.

పేరు పట్టికలో లేకపోతే సర్వర్ రాసినవాళ్ళకు ఒక జవాబు పంపుతుంది. దానికి మాన్యువల్ ఇచ్చిన నమూనా: 'వాడుకరి కనుగొనబడలేదు.' ఒళ్ళు మండింది. మనిషిని పట్టుకుని వాడుకరి ఏమిటి, కనుగొనబడటం ఏమిటి? అది తీసేసి మర్యాదగా రాశాను. ముందు పేరు, పక్కన 'గారు', తరవాత 'లేరు'. పొట్టిగా, గౌరవంగా ఉంది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

పరీక్షకు సత్యవతి, పల్లయ్య, వీరవేణి అనే ముగ్గురికి ఉత్తరాలు పంపాను. మూడూ చేరాయి. నాకు నేను రాసుకోవడం బాగుండదని నా పేరు పరీక్షించలేదు.

12వ రోజు

గట్టుతో లింకు రోజూ పదింటికి తెరుచుకుంటుంది, నలభై నిమిషాలు ఉంటుంది. ఇవాళ ముప్ఫై ఒక్క ఉత్తరాలు వచ్చాయి. నేను చదవను, చదవకూడదు. చేరినవాటికి ఎవరి నుంచి, ఎవరికి, ఎంత పొడుగు అన్న వరుసలు తెర మీద పైకి జరుగుతుంటే చూస్తూ కూర్చుంటాను. తిప్పి పంపినవి తెర మీదకు రావు, విడిగా ఒక లెక్కలో పడతాయి. అందులో నాకేమీ లేదు. ముంపు ఆఫీసులో నా పక్క బల్ల సువార్త, వారానికొకటి రాస్తానంది. పడవ కదిలేదాకా చెయ్యి వదల్లేదు కూడా. ఇంకా పన్నెండు రోజులే కదా అనుకున్నాను.

పదకొండింటికి రేడియో మోగింది. ఏడో వాడ నుంచి నసీర్ అనే ఆయన. పంట్ల కింద డ్రమ్ములకు తారు పూసే పనట.

"టపావారాండీ? నా పేరున ఏవైనా వచ్చిందాండీ?"

"రాలేదండి."

"ఆయ్. మా ఆవిడ గట్టు మీదకెల్లిందండి. అక్కడ శిబిరాలు నూటికి పైన ఉన్నాయంట కదండీ. చోటు దొరికాక రాత్తాను, ఆ చిరునామాకి వచ్చేయండి అని చెప్పి ఎల్లిందండి. తను రాత్తేగానీ నేను రాయడానికి లేదండి, ఎక్కడని రాయను?"

"రాగానే చెప్తానండి."

"చెప్పడమెందుకండీ మీకు శ్రమ. నేనే రేపు అడుగుతాను."

38వ రోజు

సోలార్ పలకల మీద ఉప్పు తుడవడానికి గంటన్నర. తాగేనీళ్ళ యంత్రానికి గంట. అన్నం, ఎండురొయ్యల వేపుడు. నాలుగు రోజులుగా అదే కూర, ఎందుకంటే ఎవరూ బాగాలేదనరు.

తిప్పి పంపిన ఉత్తరాల లెక్క అరవై దాటింది. చిరునామా సరిగ్గా రాయడం చేతకాని జనం ఇంతమందా అని నవ్వుకున్నాను. నిదానంగా చూద్దామనుకుని, చూడలేదు.

పదకొండింటికి నసీర్ గారు. రాలేదన్నాను. ఆయన వెంటనే పెట్టెయ్యలేదు. అక్కడ ఏం కూర అని అడిగారు. చెప్పాను. ఎండురొయ్యల్లో కాస్త చింతచిగురు పడితే ఆ రుచే వేరు కదండీ అన్నారు. రిగ్గు మీద చింతచిగురు ఎక్కడుంటుంది? అయినా సాయంత్రందాకా అదే తలుచుకున్నాను.

97వ రోజు

నా గొంతు మారిపోతోందేమో తెలియదు. రోజంతా మాట్లాడేది ఆ పదకొండింటికే. పదిన్నర నుంచే గొంతు సవరించుకుంటున్నాను. ఒకరోజు జలుబు చేసి గొంతు రాకపోతే, ఉప్పునీళ్ళు పుక్కిలించి మరీ "రాలేదండి" అన్నాను.

సువార్త రాయలేదు. రాయదు. పక్క బల్ల దగ్గర కొత్తగా ఎవరో కూర్చుని ఉంటారు. కోపం కూడా పోయింది, వట్టి దిగులే మిగిలింది.

నసీర్ గారు ఇవాళ పది నిమిషాలు మాట్లాడారు. భార్య పేరు ఖైరున్నీసా. ఆవిడ వెళ్ళేరోజు పొద్దున్న ఇద్దరూ గొడవపడ్డారట. గట్టు మీద మట్టి తొక్కుతూ బతకడం నా వల్ల కాదని ఈయన, రోజూ ఇల్లు ఊగుతుంటే నా వల్ల కాదని ఆవిడ. "తనదే నిజమండి. తారు పూసినన్నాళ్ళు పూత్తాం, ఇల్లు ఊగకుండా ఉంటదా?" అన్నారు.

151వ రోజు

ఇది రాయాలా వద్దా అని పొద్దుటి నుంచి ఆలోచించాను. ఈ రోజువారీ లాగ్ చదివేది నా తరవాత వచ్చే టపా మనిషే కాబట్టి రాస్తున్నాను, నీకూ తెలియాలి.

ఆ ఉత్తరం వస్తే నసీర్ గారు గట్టు మీదకు వెళ్ళిపోతారు. ఇక రేడియో మోగదు. రోజూ పదింటికి లింకు తెరుచుకున్నప్పుడు తెర మీద ఆయన పేరు కోసం వెతుకుతాను. అది కనబడనప్పుడు నా గుండెలో ఎక్కడో చిన్న నిమ్మళం. అలాంటిదాన్నని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

203వ రోజు

నసీర్ గారు ఇవాళ ఉత్తరం వచ్చిందా అని అడగలేదు.

"నేను ఎల్లిపోతన్నానండి. అండమాన్ అవతల చేపల ఓడ. రెండేళ్ళండి. ఎల్లుండి కాక ఆ మర్నాడు మజ్జాన్నం బయలుదేరతాది. మీకు చెప్పి ఎల్దామని."

"ఈలోగా ఉత్తరం వస్తేనో?"

"రాదండి. వచ్చేదైతే ఏడు నెలలు పట్టదు. రావద్దని రాయడానికి మొగమాటపడి ఊరుకుని ఉంటది. నా పేరు మీ లిస్టులోంచి తీసెయ్యండి. రాని ఉత్తరానికి పేరెందుకండీ."

సరేనన్నాను.

పట్టిక తెరిచాను. నసీర్ అని కొట్టి ఆ వరుస తీసెయ్యమన్నాను. ఆ పేరుతో ఏ వరుసా లేదంది మెషీన్. మళ్ళీ కొట్టాను. లేదంది. పట్టికలో ఏడో వాడ కింద ఆ పేరు నా కళ్ళెదుటే ఉంది. దానికి కనబడటం లేదా అని విసుగొచ్చింది. చివరికి ఆ పేరులో ఎన్ని గుర్తులున్నాయో లెక్కపెట్టి చెప్పమన్నాను. న, స, గుడిదీర్ఘం, ర, పొల్లు. నా లెక్కకు ఐదు. మెషీన్ ఆరు అంది.

ఆ ఆరోది ఏమిటో నాకు తెలుసు. తెలుగు టైపులో పొల్లు కొట్టి పక్క అక్షరం కొడితే రెండూ కలిసి ఒత్తైపోతాయి. కలవకూడదంటే మధ్యలో ఒక కనిపించని గుర్తు వెయ్యాలి. శుభలేఖల రోజుల్లో పొల్లు కనబడాల్సిన చోటల్లా ఆ మీట కూడా నొక్కడం నా వేళ్ళకు అలవాటైపోయింది, మాట మధ్యలో అయినా చివరలో అయినా. కాగితం మీద దానివల్ల నష్టం లేదు, ఎవరికీ కనపడదు. డేటాబేస్‌కు మాత్రం అదీ ఒక అక్షరమే. బయటివాళ్ళు ఎవరూ ఆ మీట నొక్కరు. రిగ్గు మీది కీబోర్డులో అసలు ఆ మీట లేదు కాబట్టి నా మారుపేర్ల పట్టికలోనూ అది పడలేదు. వచ్చిన పేరు వేరు, పట్టికలో ఉన్న పేరు వేరు.

అచ్చుతో ముగిసే పేర్లన్నిటికీ ఉత్తరాలు చక్కగా చేరుతున్నాయి. పొల్లుతో ముగిసే పేర్లు అరవై ఒకటి. ఏడు నెలలుగా ఆ అరవై ఒక్కమందికీ ఒక్కటీ చేరలేదు. అందులో నేనూ ఉన్నాను.

సిగ్గు విడిచి రాస్తున్నాను. తిప్పి పంపినవాటి లెక్క తెరిచి నేను ముందు వెతికింది నసీర్ పేరు కాదు, నాది. సువార్త రాసే ఉంటుంది, వారం వారం రాసి ఉంటుంది, పిచ్చిది, జవాబు లేదని ఏడ్చి ఉంటుంది అనుకుంటూ వెతికాను.

తిప్పి పంపినదాంట్లో ఉత్తరం మిగలదు. ఎవరు, ఎవరికి, ఏ రోజు, ఏ విషయం అన్న ఒక్క వరుస మిగులుతుంది. నా పేరున అలాంటి వరుస ఒక్కటే ఉంది. యాభై ఐదో రోజుది. టపాకు రాసింది, టపా అంటే నేనే కాబట్టి నా పేరుకు మళ్ళి, అక్కడ ఆగిపోయింది. పంపింది సువార్త కాదు, ఖైరున్నీసా. విషయం: 'మా ఆయన్ని ఎక్కడ మట్టి చేశారో చెప్పండి.'

అది చదివి కూడా నాకు వెంటనే ఎక్కలేదు. నసీర్ పేరు మీద వెతికాను. నాలుగు వరుసలు. ఇరవై ఆరో రోజు: 'చోటు దొరికింది.' ఇరవై తొమ్మిదో రోజు: 'అందిందా?' ముప్ఫై ఏడో రోజు: 'ఏమండీ.' యాభై రెండో రోజు: 'లేరంటే ఏమిటి?'

నాలుగింటికీ నా సర్వర్ ఒకే జవాబు పంపింది. నేను అంత మర్యాదగా కూర్చిన జవాబు. నసీర్ గారు లేరు.

సముద్రం మీద ఉన్న మొగుడి గురించి ఆ మూడు మాటలు చదివిన ఆడదానికి ఇంకేం అర్థమవుతుంది? తెలుగులో 'లేరు' అంటే ఇంకేం అర్థముంది? వాడుకరి కనుగొనబడలేదని ఉన్నా బాగుండేది. అది ఎవరికీ అర్థమయ్యేది కాదు, ఎవరూ ఏడ్చేవారు కాదు.

అరవై ఒక్క పేర్లకూ ఆ గుర్తు తీసేశాను. జవాబు మార్చాను: 'ఈ పేరు మా పట్టికలో దొరకలేదు, తప్పు మాదీ కావచ్చు, టపాకు రాయండి.' ఈసారి నాకు నేను ఒక ఉత్తరం పంపుకుని చూశాను. చేరింది. తిరిగి వెళ్ళిన నూట ఇరవై తొమ్మిది ఉత్తరాల తాలూకు మనుషులందరికీ మళ్ళీ రాయమని చీటీలు సిద్ధం చేశాను. ఖైరున్నీసాకు మాత్రం విడిగా రాశాను. నాలుగుసార్లు చెరిపి, చివరికి ఇది ఉంచాను: 'నసీర్ గారు ఉన్నారు. ఏడో వాడలో బాగున్నారు. మీ ఉత్తరాలు అందనిది నా తప్పు వల్ల. ఆయన ఆరో తారీఖు మధ్యాహ్నం చేపల ఓడ ఎక్కుతున్నారు. వెంటనే రాయండి.' లింకు రేపు పదింటికి గానీ లేదు.

నసీర్ గారికి ఇవాళే చెప్పొచ్చు. రేడియో చేతికి అందేంత దూరంలో ఉంది. చెప్పలేదు. ఏడు నెలలుగా మీ మాట కోసం గొంతు సవరించుకుంటూ కూర్చున్నది మీ సంసారాన్ని ముంచిన మనిషేనని ఎలా చెప్పను?

204వ రోజు

పదింటికి అన్నీ వెళ్ళాయి. పదకొండింటికి ఆయన పిలవలేదు. సెలవు తీసుకున్నారు కదా మరి. నేనే ఏడో వాడకు పిలిచి ఆయన్ని రప్పించమన్నాను. అంతా చెప్పాను. ఒక్క మాట దాచలేదు.



"అంటే నేను సచ్చిపోయాననుకుంటందాండీ?"

"అవునండి."

"ఎన్నాళ్ళనించి?"

"నూట యాభై రోజుల పైన."

"టైపు చేసింది మీరేనాండీ?"

"నేనేనండి."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఇప్పుడు ఎక్కడుందో తెలిసిందాండీ?"

"మూడో శిబిరం. అది యాభై ఐదో రోజు నాటి చిరునామా. ఇవాళ అక్కడికే రాశాను. పడవెక్కి వెళ్ళిపోండి, ఓడ మానెయ్యండి."

"ఎలా ఎల్లనండీ? పోయాడనుకున్న మనిషి కోసం ఎంతకాలమని కూచుంటది? ఇంకో ఇల్లు కట్టుకుని ఉంటే? గుమ్మంలో దెయ్యంలా నిలబడనా నేను? రమ్మంటే ఎల్తాను. తను రమ్మనాలి. లేదంటే ఓడ ఉండనే ఉంది."

205వ రోజు

పది నుంచి పది నలభై దాకా కుర్చీ మీంచి లేవలేదు. అరవై ఒక్కమందిలో పంతొమ్మిదిమందికి ఉత్తరాలు వచ్చాయి. కొందరికి ఏడు నెలల్లో మొదటివి. నసీర్ పేరు లేదు.

ఇవాళ నాకు ఆ నిమ్మళం కలగలేదు. అదొక్కటే నేను చెప్పుకోగలిగిన మంచి.

"రాలేదండి" అన్నాను రేడియోలో. "ఆయ్" అన్నారు. రేపు రేవు నుంచి పిలుస్తానన్నారు.

206వ రోజు

పది ముప్ఫై ఎనిమిదికి వచ్చింది. ఖైరున్నీసా నుంచి నసీర్‌కు. చేరినట్టు వరుస పడింది. కుర్చీలోంచి లేచి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నాను.

పదకొండింటికి ఆయన పిలిచారు, రేవు దగ్గరి రేడియో నుంచి. వెనకాల ఇంజన్ల చప్పుడు. పక్కపక్కనే రెండు పడవలున్నాయట, ఒకటి ఓడ దగ్గరకు, ఒకటి గట్టుకు.

"వచ్చిందండి" అన్నాను.

"ఉత్తరాలొచ్చే నా డబ్బా నిన్ననే వాడలో అప్పగించేశానండి. చదవడానికి నా దగ్గరేం లేదు. మీరే చదవండి."

"నేను చదవకూడదండి. అది మీ ఇద్దరిదీ."

"చదవండి, ఏం కాదు. పడవవాళ్ళు తొందరపెడతన్నారు."

తెరిచాను. మొదటి మాటే 'ఏమండీ' అని ఉంది. జీవితంలో ఎవరినీ అలా పిలవనిదాన్ని. కళ్ళు తుడుచుకుని, రేడియో మీట నొక్కి చదివాను.

"ఏమండీ. మీరు ఉన్నారని టపావిడ రాసింది. ముందు లేరని రాసిందీ వాళ్ళే. ఏది నమ్మను? నిన్నంతా ముద్ద దిగలేదు. నలభయ్యో రోజున మీ పేరు చెప్పి పదకొండుమందికి అన్నం పెట్టాను. మీ చొక్కాలు రెండూ ఇచ్చేశాను. నీలంది మాత్రం ఇవ్వలేదు. దానికి మోచెయ్యి దగ్గర చిరుగుంది, చిరిగినది ఎవరికిస్తాం. అది నా దగ్గరే ఉంది. గది చిన్నది. పొయ్యి పొగ పోదు, కిటికీ పెద్దది చెయ్యాలి, నా ఒక్కదాని వల్ల కాలేదు. ఇక్కడ నేల ఊగదు. మొదట్లో ఊగకపోతే నిద్ర పట్టేది కాదు, మీతో చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను. కోపముంటే ఇక్కడికొచ్చి కోప్పడండి. నిజంగా మీరే అయితే రండి."

అయిపోయింది. మీట వదలడం మరిచిపోయాను. నేను నొక్కి పట్టుకున్నంతసేపూ ఆయన మాట నాకు వినపడదు. గుర్తొచ్చి వదిలేసరికి అప్పటికే ఏదో మాట్లాడుతున్నారు, సగమే అందింది.

"...ఆఖరి మాట ఇంకోసారి."

మీట నొక్కాను. "రండి" అన్నాను.

అవతల ఇంజన్ల చప్పుడులో ఆయన ఊపిరి పీల్చుకోవడం వినబడింది.

"వత్తన్నా" అన్నారు. "వత్తన్నా, ఏడవకు."

రేడియో ఆగిపోయింది. ఏడు నెలలుగా ఆ మనిషి నాతో 'అండి' అంటూనే మాట్లాడేవారు. ఈ మాటకు లేదు. ఏడుస్తున్నది ఖైరున్నీసా కాదని ఆయనకు నేను చెప్పలేదు.